పడవను లాగే ఇల్లు

మా వీధి చివర లారీలు బాగుచేసే షెడ్డు ఒకటి ఉంది. వానలు మొదలయ్యే ముందు అక్కడ పాత లారీల అడుగుభాగాలకు నల్ల రంగు కొడతారు. మధ్యాహ్నం గాలి ఇటు తిరిగితే ఆ వాసన మా వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తుంది. తారు, కిరసనాయిలు, ఎండలో కాగిన ఇనుము కలిసిన వాసన. మా కోడలు ముక్కు మూసుకుని కిటికీ రెక్క వేసేస్తుంది. నేను మాత్రం చేతిలో పని ఆపి కాసేపు అలాగే నిలబడిపోతాను. కళ్ళ ముందు తెల్లటి ఎండ పరుచుకుంటుంది. ఎప్పుడో నేను పనికి వెళ్ళిన ఎడారి దేశంలో, అల్ కుసైస్ అనే చోట పాత బళ్ళు అమ్మే ఒక యార్డు, ఇసుకలో వరసగా నిలబెట్టిన బళ్ళు, వాటిలో ఒకదాని కింద నుంచి బయటికి చాచుకున్న రెండు కాళ్ళు కనిపిస్తాయి. రబ్బరు చెప్పులు, మడమల మీద పగుళ్ళు. ఆ కాళ్ళు లచ్చయ్యవి.

లచ్చయ్యది జగిత్యాల దగ్గర పల్లె. ఆ దేశంలో ఖోర్ ఫక్కాన్ అనే రేవు ఊళ్ళో నేను వంట చేసిన ఇంట్లో అతను డ్రైవరు. అంతకు ముందు పదేళ్ళు జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో పెద్ద పెద్ద ట్రైలర్లు నడిపాడు. నాది నరసాపురం వైపు. మూడో తరగతితో నా బడి అయిపోయింది. మనవరాలు పుట్టాక, చేతుల్లో ఇంకా సత్తువ ఉండగానే నాలుగేళ్ళు కష్టపడి వద్దామని బయలుదేరి ఆరేళ్ళు ఉండిపోయాను. ఆ ఇంట్లో వంటగది నాది. అందులో నా మాటకు ఎదురు లేదు. నిమ్మతొక్క కూడా పారేయనిచ్చేదాన్ని కాదు, సింకు తోమడానికి పనికొస్తుంది. అన్నం మెతుకు కింద పడితే ఎవరిదైనా సరే, తీసే దాకా అక్కడే నిలబడేదాన్ని. లచ్చయ్య భోజనానికి కూర్చుంటే "వడ్డించుకున్నది తినాలి, మిగల్చడానికి ఇది మీ అత్తగారిల్లు కాదు" అనేదాన్ని. అతను తలకాయ వంచుకుని, "మా అత్తగారింట్లనే నయముండె అక్కా, గా ముసల్ది తిట్టుకుంటనన్నా ఇంకో గరిటె ఏస్తుండె" అనేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. లోపల మాత్రం నవ్వొచ్చేది.

ఇంటి యజమానురాలు ముసలావిడ. అందరం మామా అనే పిలిచేవాళ్ళం, వాళ్ళ మాటలో అమ్మ అని. భర్త చేపల వేట మీద పైకొచ్చిన మనిషి. ఆయన పోయినా, పెళ్ళయిన ఏడు చేయించుకున్న చెక్క పడవ ఇంటి ఆవరణలో తాటాకు నీడ కింద అలాగే ఉండేది. మామా పుట్టింది అబుదాబి దాటి పడమటి ఒడ్డున ఒక చిన్న పల్లెలో. 'నిన్ను ఈ పడవలో మీ ఊరి నీళ్ళ మీద తిప్పుతాను' అని ఆయన ఎప్పుడూ అనేవాడట. అది జరగలేదు. రెండువేల నాలుగు చలికాలం వచ్చేసరికి మామా నడుము పూర్తిగా పాడైంది. అరగంట కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కేవి. ఒకరోజు నేను ఖహ్వా, అదే వాళ్ళ కాఫీ, పోస్తుంటే, "మరియం, నేను లేవలేని దాన్ని అయ్యేలోపు ఆ పడవను మా ఊరి నీళ్ళలో దించాలి. మా తమ్ముడున్నాడు, వాడికి ఇచ్చేస్తాను" అంది. నా పేరు మరియమ్మ. ఆ దేశంలో నా పేరు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

కొడుకు సయీద్ పడవను లారీ మీద పంపిద్దామన్నాడు. మామా ఒప్పుకోలేదు. దారంతా అది తన కళ్ళ ముందే ఉండాలి. తాను పడుకోవాలి, మధ్యలో మరుగుకు వెళ్ళాలి, వెనక కిటికీలోంచి పడవ కనపడాలి. అంటే మంచం, వంటపొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్న చక్రాల మీద ఇల్లు కావాలి. మోటర్‌హోమ్ అంటారు. అది తన బరువుకు తోడు పడవనూ, పడవ ఎక్కే చక్రాల బండినీ కలిపి మూడు టన్నులు వెనక లాగాలి. కొత్తవి అక్కడ దొరికేవి కావు. అమెరికా నుంచి వచ్చిన పాతవే చూడాలి.

మొదటిసారి యార్డుకు వెళ్ళినప్పుడు లచ్చయ్య మాతో లేడు. పడవ బండికి టైర్లు మార్పించడానికి రేవుకు వెళ్ళాడు. సయీద్, మామా, నేను వెళ్ళాం. యార్డు మనిషి ఒక తెల్లటి బండి చూపించాడు. మెట్టెక్కి లోపలికి వెళ్ళగానే నా మనసు చల్లబడిపోయింది. మూడు పొయ్యిల స్టవ్వు, మనిషెత్తు ఫ్రిజ్జు, గోధుమరంగు అలమరలు, కిటికీలకు లేసు తెరలు. ప్రతి తలుపూ తీసి చూశాను. ఒక్కటీ కీచుమనలేదు. సింకు గొట్టం కింద వేలు పెట్టి చూశాను, తడి లేదు. యార్డు మనిషి నా వెనకే తిరుగుతూ, "ఏక్‌దమ్ నయా హై మాజీ. హుక్ భీ నయా లగాయా, పాంచ్ టన్ ఖీంచేగా" అన్నాడు. అంతా కొత్తదేనట, కొత్తగా పెట్టిన కొక్కెం ఐదు టన్నులు లాగుతుందట. మామా నన్నే చూస్తోంది. నా పిసినారితనం, చాదస్తం ఆమెకు తెలుసు. నేను బాగుందంటే బాగున్నట్టే. "మామా, బండి బంగారం" అన్నాను. సయీద్ అక్కడికక్కడే యార్డు మనిషి చేతిలో చెయ్యి వేసి రేపు తీసుకెళ్తామన్నాడు.

మర్నాడు బండి తీసుకురావడానికి లచ్చయ్యను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాం. అతను మెట్టెక్కలేదు, లోపలికి తొంగి కూడా చూడలేదు. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా అడుగులు కొలిచాడు. వెనక చక్రం నుంచి బండి చివరి దాకా మళ్ళీ కొలిచాడు. "తోక శానా పొడుగున్నది" అన్నాడు తనలో తాను. తర్వాత అట్టముక్క ఒకటి ఇసుకలో పరిచి, పానా, టార్చిలైటు పట్టుకుని బండి కింద దూరాడు. చాలాసేపు టంగ్, టంగ్ అని చప్పుళ్ళు. బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ సయీద్‌తో హిందీలో ఒకే మాట చెప్పాడు: ఈ బండికి పడవ కట్టకూడదు.

నాకు ఒళ్ళు మండింది. "ఏంటయ్యా నువ్వు చెప్పేది? నిన్న నేను మూలమూలా చూసేనుగా! కొక్కెం మీద ఐదు టన్నులని రాసి కూడా ఉంది" అన్నాను.

"హుక్ మోస్తది అక్కా. గా హుక్‌ను మోసేదెవ్వడు?"

సయీద్ ముఖం ఎర్రబడింది. నలుగురిలో మాటిచ్చాడు. "నువ్వు డ్రైవరువా, ముదీరువా? యల్లా, ఎక్కు" అన్నాడు. ముదీరంటే మేనేజరు. లచ్చయ్య ఎక్కలేదు. ఖాళీ బండి ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తానన్నాడు. మూడు టన్నులు కట్టి, మామాను వెనక పడుకోబెట్టి దారిలో కొండలు దిగమంటే మాత్రం దిగనన్నాడు. "అయితే ఖలాస్. వీసా కొట్టేస్తా, రేపు మీ ఊరికి పో" అన్నాడు సయీద్. ఊళ్ళో లచ్చయ్యకు ఎండిపోయిన బోరు, బడికి పోయే ముగ్గురు పిల్లలు. ఆ ఇల్లు వదిలితే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే మరో కఫీల్ దొరికే వయసు కాదు. అయినా అతను బతిమాలలేదు. పానా తుడుచుకుంటూ నిలబడ్డాడు.

మామా కారులోనే ఉంది. అద్దం దించి, "మరియం, నిన్న నువ్వు చూశావు కదా. ఏం చెబుతావు?" అని అడిగింది.

అంతవరకూ నా బతుకులో అన్న మాట వెనక్కి తీసుకున్నది లేదు. ఉప్పెక్కువైన కూరను కూడా "ఇలాగే ఉండాలి" అని తినిపించిన దాన్ని. నేను నోరు తెరవక ముందే లచ్చయ్య అట్టముక్కను కాలితో నావైపు జరిపాడు. "అక్కా, ఒక్కపారి కిందికి రా."

"నేనా? ఈ వయసులో బండి కిందా? సిగ్గులేదటయ్యా!"

"సిగ్గు ఎనుక పడుదువు తియ్. ఇప్పుడైతే పండు."

ఎందుకు పడుకున్నానో ఇప్పటికీ తెలియదు. అతని మాట అబద్ధమని చూపించడానికే అయ్యుంటుంది. చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య దోపుకుని వెల్లకిలా కిందికి జరిగాను. బయట అంత ఎండ, లోపల అంత చల్లదనం. పైన పెద్ద జంతువు పొట్టలా నల్లగా బండి. ఇసుక మీద వెలుగు ఒక సన్నటి గీతలా మా చుట్టూ తిరిగి ఉంది. సయీద్ అరుపులు ఎక్కడో మరో వీధిలో వినపడుతున్నట్టున్నాయి. గుప్పుమని కొత్త నల్ల రంగు వాసన. లచ్చయ్య పక్కనే పడుకుని పానాతో ముందువైపు ఇనుప దూలాన్ని కొట్టాడు. గుడి గంటలా మోగింది. వెనకవైపు కొట్టాడు. చచ్చిన చప్పుడు. "ముందటిది కంపెనీ దూలం. వెనకాలది అతుకు. ఇల్లు పొడుగు చేస్తందుకు ఇంకో ముక్క అతికిండ్రు. హుక్‌ను తీస్కపోయి గా అతుక్కే కట్టిండ్రు" అని తాళంచెవితో రంగు గీకాడు. అతుకు పక్కన వెంట్రుకంత సన్నటి చీలిక, లోపల తుప్పు.

అతను ఇంకేం చెప్పక్కర్లేదు. అది నాకు తెలిసిన సంగతే. మాటు వేసిన గిన్నె చెవి అది. చల్లటి నీళ్ళకు పనికొస్తుంది. కాగే గంజితో ఎత్తామా, కాళ్ళ మీదే ఊడుతుంది. అలాంటి గిన్నెను చేత్తో ఎత్తి చూడకుండా, పైన మెరుపు చూసి బంగారమన్నాను. ఆ కొండ మలుపులో పడవ ఊడి, దానితో పాటు ఈ ఇల్లు పక్కకు లాగబడి, వెనక కిటికీ దగ్గర పడుకున్న ముసలావిడ... అక్కడే పడుకుని అదంతా చూశాను.

నెత్తి నిండా ఇసుకతో బయటికొచ్చి కారు దగ్గరికి వెళ్ళాను. "అనా గల్తానా, మామా" అన్నాను. నాది తప్పు. "నేను పొయ్యి చూశాను, అలమరలు చూశాను. కింద చూడలేదు. నిన్న నేను చెప్పిన మాట తప్పు. ఈయన చెప్పేదే నిజం." మామా నా నెత్తి మీద ఇసుక వంక కొంచెంసేపు చూసింది. తర్వాత కొడుకుతో మెల్లగా ఏదో అంది. సయీద్ కారు తలుపు గట్టిగా వేసి డ్రైవింగు సీట్లో కూర్చున్నాడు. వీసా మాట మళ్ళీ ఎత్తలేదు. నేను వెనక సీట్లో కూర్చుని లచ్చయ్య ఏమంటాడోనని ఎదురుచూశాను. మామూలుగా నా వంకాయ కూర మీద వారం రోజులు పాట కట్టే మనిషి. అతను తలుపు వేస్తూ, "అక్కా, నీ చెంగు బయటున్నది, లోపటికి తీసుకో" అన్నాడు. అంతే.

తర్వాత మూడు వారాలు యార్డులన్నీ తిరిగాం. ఎక్కడికి వెళ్ళినా అతను నన్ను కూడా పిలిచేవాడు. గేరు ఆయిలు ఉండే గొట్టంలోంచి కొలత పుల్ల తీసి తెల్లగుడ్డకు తుడిచి నా ముక్కు దగ్గర పెట్టేవాడు. "వాసన చూసి చెప్పు. నీకైతే మాడుడు తెలుస్తది." ఒక బండిది పప్పు మాడినట్టే వాసన. ఎక్కువ బరువు లాగి లాగి లోపల కాలిపోయిందన్నమాట. ఇంకోదాని టైర్లు కొత్తవాటిలా కనపడ్డాయి కానీ పక్కల చేత్తో రాస్తే ఎండకు పగిలిన పెదాల్లా ఉన్నాయి. "పండ్లు మంచిగనే ఉన్నయ్, వయసే అయిపోయింది. మన లెక్కనే" అన్నాడు టైరు మీద అరగని గాట్లు చూపిస్తూ. డ్రైవరు తలుపు పక్కన ఒక రేకు ఉంటుంది. బండీ, వెనక లాగేదీ కలిపి మొత్తం ఎంత బరువు ఉండవచ్చో దాని మీద అంకెలుంటాయి. నీళ్ళ ట్యాంకు నింపి, మనుషుల్ని, సామాన్లను లెక్కేసి, అది పోగా మిగిలిందే లాగడానికి. కొక్కెం ఒక అంకె చెబుతుంది, దూలం ఒకటి, రేకు ఒకటి. "అన్నిట్లకెల్లి చిన్నదేదో గదే మనది" అనేవాడు. ఇంగ్లీషు మాకు ఇద్దరికీ రాదు. అంకెలు వచ్చు.

చివరికి దొరికింది చూడ్డానికి అసహ్యంగా ఉంది. లోపల సిగరెట్టు కంపు, చిరిగిన సీట్లు, నారింజరంగు తివాచీ, ఒకే ఒక్కటి వెలిగే తుప్పు పొయ్యి. కానీ తోక పొట్టి. వెనక ఇటు రెండు, అటు రెండు చక్రాలు. కొక్కెం బండితో పాటు పుట్టిన దూలానికే బిగించి ఉంది. గేరు ఆయిలు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది. పడవ బండికి వేరే బ్రేకులు పెట్టించి, వాటి తీగను డ్రైవరు కాళ్ళ దగ్గరికి లాగడానికి వీలుంది. ఆసారి ముందు నేనే కింద పడుకున్నాను. రంగు వాసన లేదు. పైపైన తుప్పుంది, దాచకుండా ఉన్న తుప్పు. "ఇది తీసుకోండి" అన్నాను. సయీద్ ముక్కు చిట్లించాడు కానీ కాదనలేదు. నిమ్మతొక్కలు, వంటసోడాతో నాలుగు రోజులు తోమాను ఆ పొయ్యిని.

అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? దారిలో కొంటే రెట్టింపు పెట్టాలని ప్రయాణం ముందురోజు బియ్యం బస్తా, పిండి, నూనె డబ్బాలు, తాగేనీళ్ళ క్యాన్లు, రెండు జాడీల ఆవకాయ అన్నీ వెనక అలమరలో కుక్కాను. నరసాపురం నుంచి ఎక్కడికి ప్రయాణమైనా మేం అలాగే కడతాం, వెళ్ళిన చోట పొయ్యి పెట్టుకునేట్టు. లచ్చయ్య వచ్చి తలుపు తీసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అక్కా! ఇది సామానా, సంసారమా? అంతా తోక మీదనే పెడ్తివి. వెనకకు కూసుంటే ముందటి చక్రాలు లేస్తయ్. స్టీరింగు నాకు కాదు, ఆ దేవునికే తెలుస్తది."

"దేవుడికి నీకంటే బాగా తెలుస్తుందిలే" అన్నాను.

"తెలుస్తది. కానీ ఆయనకు లైసెన్సు లేదు."

ఇద్దరం కలిసి సగం దింపి, సగం బండి నడుమ మంచం కిందికి మార్చాం. బస్తా మోస్తున్నప్పుడు నేననుకున్నాను, ఇప్పుడంటాడు, యార్డులో సంగతి ఇప్పుడు ఎత్తుతాడు అని. అనలేదు.

తెల్లవారగానే బయలుదేరాం. సయీద్ కారులో ముందు, మేం వెనక. మామా వెనక కిటికీ దగ్గర పక్కకు ఒత్తిగిలి పడుకుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మసాఫీ కొండల్లో ప్రతి దిగుడుకు ముందే లచ్చయ్య చిన్న గేరు వేసేవాడు. ఇంజను మూలుగుతూ మమ్మల్ని పట్టుకుని ఉండేది. పడవ మా వెనక ఒక్క జానెడు అటూ ఇటూ ఊగకుండా వచ్చింది. రాళ్ళ మధ్య పడవ, తాటితోపుల పక్కన పడవ, ఒంటెల మధ్య పడవ. రెండో రోజు పొద్దున్న అబుదాబి దాటాక పొగమంచు దిగింది. నేల లేదు, ఆకాశం లేదు. తెల్లదనంలో పడవ ముక్కు ఒక్కటే కిటికీ నిండా కనపడింది, నీళ్ళ మీద వస్తున్నట్టు, ఎవరో నెమ్మదిగా తెడ్డు వేస్తున్నట్టు. మామా అద్దం మీద అరచెయ్యి ఆనించింది. "చూడు మరియం, వస్తున్నాడు" అంది. నేను ఇంకోవైపు తిరిగి ఖహ్వా గిన్నె తుడుచుకుంటూ ఉండిపోయాను. లచ్చయ్య అద్దంలోంచి మమ్మల్ని చూసి వేగం ఇంకా తగ్గించాడు. ఆ పొగమంచులో ఎంతసేపు వెళ్ళామో, గంటో, ఒక పూటో, నాకు ఇప్పటికీ లెక్క తేలదు.

మధ్యాహ్నానికి పడవను నీళ్ళలోకి దించారు. మామాను కుర్చీతో ఎత్తి అందులో కూర్చోబెట్టి తమ్ముడు ఒడ్డు వెంబడి తిప్పాడు. నీళ్ళు లేత ఆకుపచ్చగా, కదలీ కదలనట్టున్నాయి. లచ్చయ్య, నేను ఇసుకలో కూర్చున్నాం. ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఏమయ్యా, ఆ రోజు నా మాట వల్ల నీ వీసా పోయేది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదే? కూరలో కారానికే నెలరోజులు ఏడుస్తావు."

అతను చెప్పులో ఇసుక దులుపుకున్నాడు. "కారం నువ్వు ఇంకా ఒప్పుకోలే గదక్కా."

"అది కాదు. బండి సంగతి."

"గది నువ్వే జెప్పినవ్ గదా, అందరి ముంగట. ఇంక నేనేం జెప్పాలె?"

రెండు చలికాలాల తర్వాత మామా పోయింది. లచ్చయ్య రెండువేల ఎనిమిదిలో మోకాళ్ళ నొప్పులతో ఇంటికి వెళ్ళిపోయాడు. అదే ఏడు నేనూ వచ్చేశాను. ఆ తర్వాత అతని కబురు లేదు. గట్టిదాన్నని నాకు మా ఇంట్లో పేరు. నిజమే, ఇప్పటికీ మెతుకు పారేస్తే ఊరుకోను. తప్పు చేసినవాళ్ళను నిలదీస్తాను. కానీ తప్పు తమదేనని వచ్చి చెప్పినవాళ్ళతో ఏం చెయ్యాలో నాకు నేర్పింది లచ్చయ్యే. అది మాత్రం నాకు తేలిగ్గా వచ్చిన విద్య కాదు. మొన్న మా కోడలు నేను వద్దన్న చోటే చీటీ కట్టి, అది మునిగిపోయిందని నా ముందుకొచ్చి తలవంచుకుని చెప్పింది. "అత్తయ్యా, మీరు చెప్పినా వినలేదు, తప్పు నాదే" అంది. నా నాలుక మీద పది మాటలు సిద్ధంగా ఉన్నాయి, ఒకదాన్ని మించింది ఇంకొకటి. వాటిని మింగడానికి కొంచెంసేపు పట్టింది. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేదు. కంచం తీసి పీట ముందు పెట్టి, "కూర్చో" అన్నాను.